సైకిల్ డిస్క్ ప్లేటు మార్చేటప్పుడు తెలుసుకోవలసిన విషయాలు

మన హాస్టల్ షెడ్డులో ఒకప్పుడు రిమ్మును పట్టుకునే రబ్బరు బ్రేకుల సైకిళ్ళే కనిపించేవి. ఇప్పుడు వాటి పక్కన లావు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న సైకిళ్ళు కూడా చేరాయి. బ్రేకులు మారాయి గానీ వాటి గురించి మన తెలివి మాత్రం మారలేదు. ఆ సంగతి మాకు ఒక వానాకాలం తెలిసివచ్చింది.

చెరువు కట్ట దిగుతుండగా మాలో ఒకరి సైకిల్ ఆగలేదు. ముళ్ళకంపలో పడి మోచేతులు గీరుకుపోవడంతో సరిపోయింది. ఎదురుగా బస్సు వచ్చి ఉంటే ఏమయ్యేదో! విప్పి చూస్తే బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగి, వాటి వెనకనున్న ఇనుప రేకు ప్లేటును గీస్తోంది. చౌకగా దొరికిన ప్లేటు ఒకటి కొని, "ఎక్కువ కాలం వస్తాయి" అన్నారని మెటల్ ప్యాడ్లు వేయించాము. కొద్ది నెలలకే కొత్త ప్లేటుకూ గాడులు పడ్డాయి. డబ్బు రెండుసార్లు పెట్టాక నేర్చుకున్న విషయాలను మిత్రులతో పంచుకుంటున్నాము.

ప్లేటు చేసే పని ఏమిటి?

చక్రం హబ్బుకు బిగించిన గుండ్రని స్టీలు రేకే డిస్క్ ప్లేటు. దీనినే రోటర్ అంటారు. బ్రేకు నొక్కినప్పుడు రెండు ప్యాడ్లు దానిని రెండు వైపులా పట్టుకుంటాయి. ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే ఇటువంటి బ్రేకుకు పేటెంటు పొందారు.

బ్రేకు వేగాన్ని మాయం చేయదు, వేడిగా మారుస్తుంది. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. గంటకు 18 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5 మీటర్ల వేగంలో గతిజశక్తి 1000 జౌళ్ళు. వేగం రెట్టింపయితే అది 4000 జౌళ్ళు. సుమారు 120 గ్రాముల స్టీలు ప్లేటు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 60 జౌళ్ళు చాలు. ఆ 4000 జౌళ్ళూ ఒక్క ప్లేటులోనే నిలిస్తే ఒక్కసారి ఆగినందుకే అది 65 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఇక ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెప్పేదేముంది? గాలి తగిలి చల్లారుతుంది కాబట్టే ప్లేటు నిలుస్తోంది. అందుకే దిగగానే ప్లేటును ముట్టుకోకూడదు, చెయ్యి కాలుతుంది.

కొనేముందు చూడవలసినవి

మొదటిది కొలత. ప్లేటు అడ్డుకొలత సాధారణంగా 160 మిల్లీమీటర్లు ఉంటుంది. 140, 180, 203 కొలతలు కూడా ఉన్నాయి. పాత ప్లేటు కొలతే కొత్తదానికీ ఉండాలి. పెద్ద ప్లేటు బాగా ఆపుతుంది, వేడిని కూడా ఎక్కువ తట్టుకుంటుంది. కానీ దానికి అడాప్టరు కావాలి, ఫ్రేము, ఫోర్కు కూడా ఆ కొలతకు తగినవై ఉండాలి.

రెండవది బిగింపు. ఎక్కువ సైకిళ్ళకు 6 బోల్టుల ప్లేటు ఉంటుంది. కొన్నింటికి బోల్టులు లేకుండా పళ్ళ మీద కూర్చుని, ఒకే రింగుతో బిగిసే సెంటర్ లాక్ రకం ఉంటుంది. పాతదానిని చూపించి కొనడం మంచిది.

మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, ప్యాడ్లతో పొత్తు. ప్యాడ్లలో రెసిన్ రకం మెత్తగా ఉంటుంది, చప్పుడు తక్కువ, త్వరగా అరుగుతుంది. మెటల్ రకం గట్టిది, బురదలోనూ వానలోనూ ఎక్కువ కాలం వస్తుంది. కొన్ని ప్లేట్ల మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఇంగ్లీషులో ముద్రించి ఉంటుంది. ఆ మెత్తని స్టీలు మీద మెటల్ ప్యాడ్లు వేస్తే ప్లేటు త్వరగా అరిగిపోతుంది. మేము చేసిన పొరపాటు ఇదే. మెటల్ ప్యాడ్లు వాడాలనుకుంటే వాటికి పనికివచ్చే గట్టి ప్లేటునే అడిగి తీసుకోవాలి.

నాలుగవది రంధ్రాలు. బరువు తగ్గించడానికి మరీ ఎక్కువగా కోసిన ప్లేటులో వేడిని పట్టే లోహం తక్కువ. రోజూ వాడే సైకిలుకు కాస్త బరువైనా నిండుగా ఉన్నదే మేలు.

ఎప్పుడు మార్చాలి?

చాలా కొత్త ప్లేట్ల మందం సుమారు 1.8 మిల్లీమీటర్లు. షిమానో కంపెనీ ప్లేట్లకు 1.5 మిల్లీమీటర్లు కనీస మందం. ఆ అంకె ప్లేటు మీదే ఉంటుంది. అంటే మొత్తం ఆయుష్షు 0.3 మిల్లీమీటర్లే, మూడు నోటుపుస్తకం కాగితాలంత! కంటితో అంచనా వేయలేము. ఇంటర్ చదివే మన అన్నలకు ల్యాబులో స్క్రూగేజి పరిచయమే. దానితో ప్యాడ్ తగిలేచోట నాలుగైదు తావుల్లో కొలవాలి. అంచున అరగని గట్టు ఉంటే దానిని కొలిచి మోసపోకూడదు. పగులు కనిపిస్తే కొలతతో పనిలేదు, వెంటనే మార్చాలి.

బిగించాక

బోల్టులను వరుసగా కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ప్లేటును వేళ్ళతో ముట్టుకుంటే స్పిరిటుతో తుడవాలి. కీచుమంటోందని నూనె చుక్క వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. నూనె పీల్చిన ప్యాడ్లు ఇక పట్టవు. కొత్తగా వేసిన తరువాత ఖాళీ స్థలంలో ఇరవై, ముప్ఫైసార్లు వేగం తగ్గిస్తూ బ్రేకు నొక్కితే ప్యాడు, ప్లేటు ఒకదానికొకటి కుదురుకుంటాయి. తిరిగే ప్లేటులో వేలు పెట్టరాదని తమ్ముళ్ళకు తప్పక చెప్పండి.

మిత్రులారా! ప్లేటు మన్నిక దుకాణంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం మన చేతిలో ఉంది. తగిన ప్యాడ్లు వేసి, అవి ఇనుము దాకా అరగకముందే మారిస్తే ప్లేటు చాలాకాలం వస్తుంది. ప్యాడ్ల ఖర్చుకు వెనుకాడితే ప్లేటు పోతుంది, ప్లేటు ఖర్చుకు వెనుకాడితే మనమే పోవచ్చు. ప్రతి ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక ఒక్క అయిదు నిమిషాలు సైకిల్ చక్రం దగ్గర కూర్చుందాం. పొద్దున బడికి వెళ్ళినవాళ్ళం సాయంత్రం భోజనం గంటకు అందరం క్షేమంగా చేరుకుందాం.