మల్లన్నతో పాటు నల్లమలనూ చూసి రండి!

శ్రీశైలం వెళ్ళొచ్చిన ఇల్లాళ్ళని అడవి ఎలా ఉందని అడగండి. "బస్సులో నిద్ర పట్టేసిందండీ" అంటారు! స్వామి దర్శనం, భ్రమరాంబకి కుంకుమార్చన, ప్రసాదాల పొట్లాం... అంతే, తిరుగు ప్రయాణం. మీరు దాటి వచ్చింది పులులు తిరిగే అడవి మరి!

కృష్ణ ఒడ్డున ఉన్న ఈ నల్లమల 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగాన్ని అమ్రాబాద్ పేరుతో విడిగా చూస్తున్నారు. పులి కనిపిస్తుందని మాత్రం పిల్లలకి ఆశ పెట్టకండి. దుప్పులూ, కొండముచ్చులూ, నెమళ్ళూ అయితే కనిపించవచ్చు.

ఈ అడవికీ గుడికీ చుట్టరికం ఉంది. వేటకొచ్చిన శివుడు చెంచుల ఆడపడుచుని పెళ్ళాడాడని ఇక్కడి చెంచుల నమ్మకం. అందుకే వాళ్ళకి ఆయన చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు! దర్శనమయ్యాక ప్రాకారం చుట్టూ తీరిగ్గా నడవండి. రాతిగోడ మీద ఏనుగులు, గుర్రాలు, వేట బొమ్మలు వరసగా కనిపిస్తాయి. పిల్లలు కదలమన్నా కదలరు.

పాతాళగంగకి మెట్లు చాలా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని రోప్‌వేలో దించడం మేలు. నీళ్ళు, వాతావరణం అనుకూలిస్తే అక్కడినించి పడవలో అక్కమహాదేవి గుహలకి వెళ్ళొచ్చు. పన్నెండో శతాబ్దపు ఆ కన్నడ శివభక్తురాలు తపస్సు చేసిన చోటు అదేనంటారు.

దోర్నాల మీదుగా వెళ్ళినా, మన్ననూరు మీదుగా వెళ్ళినా మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది నించి ఉదయం ఆరు దాకా అడవి దారి గేట్లు మూసేస్తారు. విసుక్కోకండి. ఆ కాసేపైనా జంతువులు చక్రాల కింద పడకుండా రోడ్డు దాటాలి కదా!

ఇక దారి భోజనం. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలవుంటుంది. దద్దోజనంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచాడే వేస్తే త్వరగా పులవదు. స్టీలు డబ్బాల్లో సర్దుకుని, విస్తరాకులు పట్టుకెళ్ళండి. పాపం కదా అని కోతులకి అరటిపళ్ళు విసరకండి. ఆ రుచి మరిగి అవి రోడ్డు మీదే కాపు కాస్తాయి, బండ్ల కింద పడి చస్తాయి. పులిహోర వాసన పట్టిన ప్లాస్టిక్ కవరు పారేస్తే దుప్పి దాన్ని అలాగే మింగేస్తుంది. ఎండాకాలంలో ఆకులన్నీ ఎండి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. దారిలో పొయ్యి పెట్టొద్దు. కారులో మీవారు సిగరెట్టు వెలిగిస్తే ఊరుకోకండి. చెత్తకి ఒక గుడ్డసంచీ విడిగా పెట్టుకుని, ఇంటికొచ్చాకే ఖాళీ చేయండి.