మలేరియా మర్మాన్ని ఛేదించిన సర్ రోనాల్డ్ రాస్

హైదరాబాద్: బర్కత్‌పురకు చేరువలో, ప్రజలు కోరంటి దవాఖానాగా పిలుచుకునే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1857లో అల్మోరాలో జన్మించిన రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

మలేరియాకు చెడుగాలే కారణమన్న భావన బలంగా ఉన్న కాలమది. సికింద్రాబాద్‌లో పనిచేస్తూ 1897 ఆగస్టు 20న, రోగి రక్తం పీల్చిన అనాఫిలిస్ దోమ ఉదరకుడ్యంలో మలేరియా పరాన్నజీవిని ఆయన గుర్తించారు. 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు జరిపి, దోమకాటు ద్వారా వ్యాధి సంక్రమిస్తుందని నిరూపించారు. అదే సంవత్సరం ఇటలీ శాస్త్రవేత్తలు మానవులలోనూ దీనిని నిర్ధారించారు.

1899లో రాస్ లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1902లో నోబెల్ బహుమతి పొందారు. సియెర్రా లియోన్, మారిషస్‌లలో మలేరియా నివారణ కార్యక్రమాలకు మార్గదర్శనం చేశారు. రోగికి మందు ఇచ్చుటతో పాటు దోమ పుట్టుకనే అరికట్టవలెనన్నది ఆయన మార్గం. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

నగరాలలో మలేరియాను వ్యాపింపజేసే దోమలు ఇంటిపై ట్యాంకులు, బావులలోనూ గుడ్లు పెడతాయి. గుడ్డు దోమగా మారుటకు సుమారు వారం నుండి పది రోజులు పడుతుంది. అందువలన ట్యాంకులపై మూతలు బిగించి, తొట్లు, కూలర్లను వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టినచో దోమల వృద్ధిని నివారించవచ్చును.