ఇంగువ మొక్క మన మెట్టలకు తగునా?

పులిహోరలోను చారులోను ఇంగువ వాసన యెఱుగనివారు మనలో లేరు. కాని యా మొక్కను కన్నులార జూచినవా రెందఱు? ఇటీవల కొందఱు సభ్యులు, “ఇంగువ వేసిన అధిక లాభమట, అప్పు దొరకునా?” యని యడుగుచున్నారు. కావున నిది వ్రాయుచున్నాను.

ఇంగువ మొక్క కొత్తిమీర, వాము, జీలకఱ్ఱ, కారటు దుంపల వంశములోనిది. ఇరాను, ఆఫ్‌గనిస్థాను దేశముల కొండనేలలలో నెవరును విత్తకయే మొలచి పలు సంవత్సరములు బ్రతుకును. తల్లివేరు కారటువలె లావుగ భూమిలోనికి దిగును. మొదటి యేండ్లలో ఆకులు మాత్రమే యుండును. సుమారు 5వ యేట కాడ లేచి, గొడుగులవలె పసుపుపచ్చని పూవులు పూచి, గింజ పట్టి మొక్క చచ్చును.

పూతకు ముందే వేరుతలను బయల్పఱచి కోయుదురు. కారిన పాలు గట్టిపడగా గీకి తీసి, మరల పలుచగ కోయుదురు. పాలు నిలుచువఱకు నిట్లే చేయుదురు. ఆ మొక్క యిక గింజ పట్టదు. గింజకై కొన్నింటిని విడువనిచో అడవిలో సంతతి తఱిగిపోవును. అంగడిలోని పొడి ఈ గట్టిపాలలో పిండియు బంకయు కలిపినది.

2020 నాటి లెక్కనుబట్టి మన దేశము ఏటేట సుమారు 1,200 టన్నుల ముడి ఇంగువను దిగుమతి చేసికొనుచుండెను. ఆ యేట అక్టోబరు 15వ తేదీన పాలంపూరు హిమాలయ జీవవనరుల పరిశోధన సంస్థవారు, ఇరాను విత్తనముతో పెంచిన మొక్కను హిమాచల ప్రదేశమందలి లాహౌల్ లోయలో, క్వారింగు గ్రామమున నాటిరి. మంచు కురియు ఆ లోయను ఊరక యెన్నుకొనలేదు. ఈ మొక్కకు 10 మొదలు 20 డిగ్రీల చల్లదనము, ఏటికి 8 అంగుళములకు మించని వాన, నీరు నిలువని నేల హితము. శీతకాలమున అది నిద్రించును. గింజ మొలచుటకును చలి కావలయును.

“అనంతపురములోను వాన తక్కువే గదా?” యందురేమో. వాన తక్కువైన చాలదు. ఆ చలి మన కెక్కడిది?

కావున మొక్కల కని యెవరైన బయానా యడిగినచో, మన జిల్లాలో పాలు తీసిన తోటను ముందు చూపుమనుడు. 5 ఏండ్లు రాబడి లేని పైరుకు తెచ్చిన అప్పునకు వడ్డీ మాత్రము నిద్రింపదు.

ఈ వంశపు పైరే కావలెనన్న కర్నూలు రేగళ్లలో పండు వాము కలదు, ధనియాలు కలవు. అవి ఆ పంటకాలములోనే చేతికి వచ్చును. సంఘపు బాకీయు తీరును.