లంగరు వేయడం సులువే, తీయడమో?

నాట్లు వేసే రోజుల్లో ఎప్పుడైనా గట్టు మీది నుంచి జారి వరి మడిలో కాలు వేశారా? వేసి ఉంటే ఈ సంగతి మీకు అనుభవమే. కాలు దిగబడడానికి క్షణం పట్టదు. తీయబోతే మాత్రం అడుగున ఎవరో పట్టుకొని లాగుతున్నట్టు ఉంటుంది. బలంగా గుంజితే కాలు వస్తుంది, చెప్పు అక్కడే ఉండిపోతుంది. నా చిన్నప్పటి చెప్పు ఒకటి అలాగే మడిపాలయింది. పొలంలో ఆరితేరినవాళ్లు గుంజరు. మడమను అటూ ఇటూ కదిపి, నెమ్మదిగా కాలు పైకి తీస్తారు.

ఏమిటి బురదకున్న ఈ పట్టు? గాలి ప్రతి వస్తువు మీదా చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున నొక్కుతుందని మీరు చదివే ఉంటారు. అన్ని వైపుల నుంచీ ఒకేలా నొక్కుతుంది కనుక మామూలుగా అది మనకు తెలియదు. బురదలోని కాలును పైకి లాగినప్పుడు అరికాలి కింద ఖాళీ ఏర్పడబోతుంది. ఆ ఖాళీలోకి నీరో గాలో వచ్చి చేరాలి. ఇసుకలో అయితే రేణువుల సందుల్లోంచి నీరు చటుక్కున వచ్చేస్తుంది. బంకమట్టి రేణువులు మరీ సన్నం. వాటి మధ్య నుంచి నీరు రావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా అరికాలి కింద పీడనం తగ్గిపోతుంది, పైనుంచి నొక్కే పీడనం మాత్రం అలాగే ఉంటుంది. తేడా చదరపు సెంటీమీటరుకు పావు కిలో అనుకోండి. 150 చదరపు సెంటీమీటర్ల అరికాలి మీద అది 37 కిలోలు దాటుతుంది! మడమ కదిపితే పక్కన చిన్న సందు పడి, నీరు కిందికి దిగి, ఈ తేడా పోతుంది.

ఈ బురద పాఠాన్ని వెంటబెట్టుకొని ఏలూరు నుంచి కొల్లేటికి వెళదాం.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చిన ఒండ్రు దీని అడుగున పేరుకొని ఉంది. 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన భాగమే 308 చదరపు కిలోమీటర్లు. వైశాల్యం అంత ఉన్నా లోతు మాత్రం, వరదల కాలం తప్పిస్తే, చాలాచోట్ల మనిషి మునిగేంత ఉండదు. తాటి మొద్దును తొలిచి చేసిన దోనె ఇక్కడి పడవ. దానికి తెడ్డు కన్నా వెదురు గెడ ఎక్కువ ఉపయోగం. గెడను అడుగున ఆనించి తోస్తే దోనె ముందుకు పోతుంది. అదే గెడను బురదలో నిలువునా గుచ్చి దోనెను కట్టేస్తే, అదే లంగరు!

సన్నటి గెడ కొన మీద పీడనం తేడా వల్ల పడే బరువు తక్కువే. కాని బురదలో దిగిన గెడ పొడుగునా మట్టి అంటుకొని ఘర్షణ కలిగిస్తుంది. నేరుగా పైకి లాగితే ఆ ఘర్షణంతా మన చేతుల మీదే పడుతుంది. గెడను ముందు గుండ్రంగా తిప్పి చూడండి. ఘర్షణ ఎప్పుడూ కదలికకు ఎదురుగానే పనిచేస్తుంది. గెడ తిరుగుతున్నంతసేపూ ఘర్షణలో ఎక్కువ భాగం ఆ తిప్పుడును ఆపడానికే ఖర్చవుతుంది. పైకి లాగడానికి అడ్డుపడేది కొంచెమే మిగులుతుంది. సీసాకు బిగిసిన బిరడాను మీ అమ్మ తిప్పుతూ తీయడం చూడలేదూ? అదే సూత్రం.

తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలువలో పూర్వం సరుకుల పడవలు తిరిగేవి. వాటినైతే గట్టు మీద గుంజ పాతి కట్టేస్తే సరిపోయేది. లోతు తక్కువగా ఉన్నచోట, గట్టు దగ్గరగా ఉన్నచోట అసలు లంగరు జోలికే పోనక్కరలేదన్నమాట. పైగా కొల్లేటిలో తుంగ, కిక్కిస, గుర్రపుడెక్క. అక్కడ లంగరు వేస్తే పైకి వచ్చేది లంగరు కాదు, మోపెడు నాచు!

కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రం దగ్గరపడేకొద్దీ ఆటుపోట్లు వస్తాయి, ప్రవాహం రోజులో కొన్నిసార్లు అటుదిటు మారుతుంది. సముద్రంలోకి పోతే ఇక గెడకు అడుగు అందదు. లంగరు అవసరమయ్యేది అక్కడే.

లంగరు బరువుతో పడవను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఎనిమిది కిలోల ఇనుము ఒక నావను గాలికి పోకుండా ఎలా ఆపుతుంది? అదీగాక ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నీటిలో దాని బరువు ఏడు కిలోలే. తాడుకు కట్టిన రాయి సంగతి ఇంకా కనాకష్టం. పది కిలోల రాయి నీటిలో ఆరు కిలోలే తూగుతుంది. లంగరు బలం బరువులో లేదు, దాని కొక్కేలలో ఉంది. తాడును లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు పొడుగు వదిలితే, పడవ లాగే లాగుడు దాదాపు నేలబారుగా పడి కొక్కేలను ఇంకా లోతుకు దింపుతుంది. మూడు మీటర్ల నీటిలో పదిహేను, ఇరవై మీటర్ల తాడు వదలడం అందుకే.

తీసే ఉపాయమూ ఇందులోనే ఉంది. పడవను నెమ్మదిగా లంగరు పైకి చేర్చి, తాడును చుట్టుకుంటూ నిట్టనిలువుగా చేయాలి. పడుకొని ఉన్న లంగరు కాడ పైకి లేస్తుంది. అది గునపంలా పనిచేసి కొక్కేన్ని బురదలోంచి పెళ్లగిస్తుంది. మడమ కదిపినట్టే ఇదీను. అడుగు ఇసుకైతే చాలాసార్లు ఇంతటితో ఊడి వస్తుంది. చిన్న పడవకు, చిన్న లంగరుకు ఇంతకు మించిన పద్ధతి అక్కరలేదని నా అభిప్రాయం.

బంకమట్టిలో అయితే ఒక్కోసారి ఊడదు. అప్పుడు తొందరపడకూడదు. తాడును నిలువుగా బిగించి పడవ ముక్కుకు కట్టి, కాసేపు ఆగాలి. అల వచ్చినప్పుడల్లా పడవే లాగుతుంది. ఎంత బలంతో? ముక్కు దగ్గర రెండు మీటర్ల పొడుగు, ఒక మీటరు వెడల్పు భాగం పది సెంటీమీటర్లు అదనంగా మునిగిందనుకోండి. 200 లీటర్ల నీరు తొలుగుతుంది. అంటే 200 కిలోల బలం! నలుగురు మనుషులకు కష్టమైన పని నీరే చేసిపెడుతుంది. ఆగుతున్న కొద్దీ మట్టిలోకి నీరు కూడా ఊరుతుంది. కాని అంచు నీటికి జానెడు ఎత్తున కూడా లేని సన్నని దోనెలో ఈ పని చేయకూడదు. ముక్కే మునిగిపోతుంది.

రాళ్ల అడుగున చిక్కు వేరు. కొక్కెం రాతి సందులో ఇరుక్కుంటే ఎంత లాగినా బిగుసుకుంటుందే గాని రాదు. వచ్చిన దారినే వెనక్కు లాగాలి. అందుకని లంగరు అడుగు కొసకు మరో సన్నని తాడు కట్టి, దాని పై కొసకు బెండు కట్టి వదులుతారు. ఆ తాడు లాగితే కొక్కెం వెనక్కు జారి వస్తుంది. ఈ తాడు లంగరు వేయకముందే కట్టుకోవాలి. ఇరుక్కున్నాక తలచుకొని లాభం లేదు.

ఇంజను పడవలున్నచోట మరో పద్ధతి ఉంది. లంగరు తాడును ఒక రింగులోంచి పోనిచ్చి, ఆ రింగుకు గాలి నింపిన పెద్ద ప్లాస్టిక్ బంతిని కడతారు. పడవ లంగరును దాటి ముందుకు పోతుంది. బంతి నీటిలో వెనకబడి తాడును పట్టి ఉంచుతుంది. తాడు రింగులోంచి జారి, నూతి గిలక మీద బొక్కెన వచ్చినట్టు లంగరు పైకి వస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న బంతి సుమారు 14 లీటర్ల నీటిని తొలగిస్తుంది కనుక, నీటిలో ఏడు కిలోలు తూగే మన లంగరును తేలికగా తేల్చి ఉంచుతుంది. చూడ్డానికి బాగుంటుంది గాని, తాడు ఇంజను పంకాకు చుట్టుకుంటే పడవ కదలదు. చేయి తిరిగినవాళ్ల పని ఇది.

చేతితో తిప్పే ఇరుసు యంత్రం మాటేమిటంటారా? ఇరుసు వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు, పిడి పొడుగు 30 సెంటీమీటర్లు అయితే ఆరోవంతు బలం చాలు. లంగరు పెద్దదైనప్పుడు మంచిదే. చిన్న పడవకు దాని బరువే ఒక భారం.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక్కటి మాత్రం మారదు. లాగేది పడవ ముక్కు నుంచే. సాయంత్రం గాలి లేచింది, లంగరు రావడం లేదు, పడవలోని ముగ్గురూ ఒకే పక్కకు చేరి లాగుతున్నారనుకోండి. ముగ్గురి బరువూ ఆ అంచు మీదే, లాగుడూ ఆ అంచు మీదే. అంచు వంగి నీరు లోపలికి వస్తుంది. వచ్చిన నీరు కూడా ఆ పక్కకే పారి ఇంకా వంచుతుంది. పడవ బోల్తా పడడానికి నిమిషం చాలు. ఒకవేళ లంగరు హఠాత్తుగా ఊడితే, లాగేవాళ్లు ముగ్గురూ వెల్లకిలా రెండో అంచు మీద పడతారు. పొడవుగా ఉన్న పడవ ముందుకు వెనక్కు ఒరగడం కష్టం, పక్కకు ఒరగడం సులువు. కనుక తాడు ముక్కుకు కట్టి, ఒకరే కూర్చొని లాగాలి. మిగిలినవాళ్లు నడుమ కూర్చోవాలి. ఎంతకీ రాకపోతే తాడు కోయడానికి చేతికందేట్టు ఒక కత్తి ఉండాలి. లంగరుకు ఖర్చవుతుంది, నిజమే. కోసేముందు తాడు కొసకు ఒక బెండు కట్టి వదిలితే, గాలి తగ్గాక వచ్చి వెతుక్కోవచ్చు.

ఇంట్లో చేసి చూడాలంటే ఒక బకెట్టులో మెత్తటి బంకమట్టి, మరో బకెట్టులో తడి ఇసుక తీసుకోండి. చదునైన అడుగున్న గ్లాసును రెంటిలోనూ ఒకే లోతుకు నొక్కి, స్ప్రింగు త్రాసుతో పైకి లాగండి. ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా, ఒకసారి గ్లాసును అటూ ఇటూ ఊపి. ప్రతిసారీ ముల్లు ఎంత చూపిందో కాగితం మీద రాసుకోండి.