అద్దెవాళ్ళున్న ఇల్లు కొంటున్నారా?

సొంత ఇల్లు అనగానే మనబోటి ఇల్లాళ్ళం వంటగది గట్టు ఎత్తు ఎంతుంది, పూజగది ఏ మూల ఉంది, నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయి అని చూస్తాం. ఆ వంటగదిలో అప్పటికే ఎవరో తల్లి పోపు వేసుకుంటూ ఉంటే? "వాళ్ళదేముందండీ, అద్దెవాళ్ళే, నెల తిరిగేసరికి ఖాళీ చేసేస్తారు" అంటాడు అమ్మే ఆసామి. ఆ ఒక్క మాట నమ్మి మేం పడ్డ అవస్థ మీరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో రెండు వాటాల పాతిల్లు కొన్నాం. పై వాటా ఖాళీ, కింద వాటాలో పదకొండేళ్ళుగా ఒక కుటుంబం. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆవిడ మజ్జిగ కూడా ఇచ్చింది. నేను గచ్చు చూశాను, గూళ్ళు చూశాను గానీ, "అమ్మా, మీరెప్పుడు వెళ్తున్నారు?" అని అడగలేదు. మొహమాటం! మాఘమాసంలో రిజిస్ట్రేషన్ అయింది. పాత ఓనరు డబ్బు పుచ్చుకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. వైశాఖంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుని, చెబుదామని వెళితే ఆవిడ తెల్లబోయింది. "మాకెవరూ ఖాళీ చెయ్యమని చెప్పలేదమ్మా. మా అమ్మాయి పురిటికొచ్చింది, ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్లనింట్లో పెట్టుకుని ఇల్లు మారతామా?" అంది. పైగా పాత ఓనరుకి అరవై వేలు అడ్వాన్సు ఇచ్చామని కాగితం తెచ్చి చూపించింది. ఆ సంగతి మాకు చెప్పిందెవరు?

మావారు వెంటనే ప్లీడరు గారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన చెప్పినవి మీరూ తెలుసుకోండి. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దెదారు హక్కు పోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 109వ సెక్షన్ ప్రకారం పాత యజమాని స్థానంలోకి మనం వస్తాం, అంతే. రాతకోతలు లేకుండా నెలనెలా అద్దె కట్టే ఇంటికైతే 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టుకే పోవాలి. కరెంటు పీకించడం, సామాన్లు బయట పడెయ్యడం లాంటివి చేస్తే మెడకి మనమే ఉరి తగిలించుకున్నట్టు. అలా బలవంతంగా వెళ్ళగొట్టబడ్డవాళ్ళు ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ అదే ఇంట్లోకి రావచ్చునట!

ఇంకొకటి విని నాకు గుండె ఝల్లుమంది. ఇ.సి. తీయించాం కదా, అంతా శుభ్రంగా ఉందనుకున్నాం. అద్దె కాగితం రిజిస్టరు కాకపోతే అది ఇ.సి.లో కనబడదు. చాలామంది పదకొండు నెలలకి రాసుకుని ఊరుకుంటారు. కానీ ఇంట్లో ఎవరైనా కాపురముంటే, వాళ్ళకున్న హక్కులన్నీ కొనేవాళ్ళకి తెలిసినట్టే చట్టం లెక్కవేస్తుంది. వాళ్ళే ఆ ఇల్లు కొంటామని పాత ఓనరుతో అగ్రిమెంటు రాసుకుని ఉన్నా సరే, 'నాకు తెలియదు' అంటే కుదరదు. కాబట్టి బయానా ఇవ్వకముందే వెళ్ళి ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. మగవాళ్ళు కాగితాలు చూసుకుంటారు, ఈ పని మనదే. ఎన్నేళ్ళుగా ఉన్నారు, అద్దెంత, ఎప్పటిదాకా కట్టారు, అడ్వాన్సెంత, కొంటామని ఏమైనా రాసుకున్నారా, ఎప్పుడు ఖాళీ చేస్తారు అని అడిగి, ఆయన చేత సంతకం పెట్టించిన కాగితం తీసుకోండి. అడ్వాన్సు ఎంతుంటే అంత అమ్మకం సొమ్ములోంచి తగ్గించుకోండి. కరెంటు బిల్లు, నీటి పన్ను బకాయిలు కూడా చూడాలి. ఖాళీ ఇల్లే కావాలనుకుంటే, ఖాళీ చేసి తాళాలు ఇచ్చాకే ఆఖరి సొమ్ము ఇస్తామని అగ్రిమెంటులో రాయించుకోండి. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే అద్దెవాళ్ళకి ఉత్తరం రాయాలి. తెలియక వాళ్ళు పాత ఓనరుకే అద్దె కట్టేస్తే, అది మళ్ళీ మనకి కట్టమని అడిగే హక్కు లేదు.

ఇవేవీ మేం చెయ్యలేదుగా! కోర్టుకి పోదామన్నారు మావారు. నాకేమో ఆ పిల్ల మొహం కళ్ళలో మెదిలింది. మా ముహూర్తం మా కోడలు సీమంతానికొస్తే నేను మాత్రం కదిలేదాన్నా? ఒక సాయంత్రం నేనే వెళ్ళి కూర్చున్నాను. పురుడయ్యాక మూడో నెల రాగానే, ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో ఖాళీ చేస్తామన్నారు. కాగితం రాసుకున్నాం. నెలకి ఎనిమిది వేల చొప్పున మార్చి నుంచి ఆగస్టు దాకా నలభై ఎనిమిది వేలు అడ్వాన్సులో జమ, మిగతా పన్నెండు వేలు తాళాలిచ్చిన రోజున మేం చేతికివ్వాలి. పాత ఓనరు చుట్టూ ఫోన్లు చేయగా చేయగా ముప్పై వేలు పంపాడు, మిగతా ముప్పై నీళ్ళలో కలిసినట్టే. గృహప్రవేశం మాత్రం ముహూర్తం తప్పకుండా పై వాటాలో పాలు పొంగించుకుని కానిచ్చాం. బ్యాంకు కంతులు ఒకవైపు, మేముండే ఇంటి అద్దె ఒకవైపు, ఆ ఆరు నెలలూ చీర కొన్న పాపాన పోలేదు.

వైశాఖం చివర్లో ఆడపిల్ల పుట్టింది. అన్నమాట ప్రకారం శ్రావణంలో రెండో వారానికే సామాను సర్దేసుకున్నారు. తాళాలిస్తూ ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, మోటారు వేసేముందు ఏ వాల్వు తిప్పాలో, వానొస్తే వంటింట్లో ఏ మూల కారుతుందో చూపించింది. ఆ మూల సంగతి పాత ఓనరు ఎన్నడూ చెప్పనేలేదు.