ఇంట్లో వరిగడ్డి ఉండగా మాగుడు గడ్డి కొనాలా?

పాతపట్నం, మెళియాపుట్టి వైపు పాడి ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. సాల పక్కనే వరిగడ్డి కుప్ప ఉంది. మాగుడు గడ్డి (సైలేజీ) బేళ్లు కొంటే పాలు పెరుగుతాయని ఒకరంటారు, డబ్బు దండగని ఇంకొకరంటారు. ఎవరి మాట వినాలి?

ముందుగా వరిగడ్డి సంగతి. ఆవు మేతను నేరుగా అరిగించుకోదు. దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు అరిగించిపెడతాయి. వాటి పని సాగాలంటే మేతలో కనీసం 7 శాతం మాంసకృత్తులు ఉండాలి. వరిగడ్డిలో ఉండేవి 3, 4 శాతమే. పైగా అందులో ఇసుక జాతి ఖనిజం ఎక్కువ, అది అరుగుదలను అడ్డుకుంటుంది. అందుకే ఉత్త వరిగడ్డి తిన్న ఆవుకు కడుపు నిండినట్టే కనిపిస్తుంది కానీ డొక్కలు ఎండిపోతాయి. తవుడు, చిట్టు, తెలకపిండి పక్కన ఉంటేనే ఆ గడ్డికి విలువ. వట్టిపోయిన ఆవుకూ, దుక్కిటెద్దుకూ అవి కలిపిన గడ్డి చాలు. ఎనిమిది లీటర్లిచ్చే ఆవుకు చాలదు.

మాగుడు గడ్డి ఎలా తయారవుతుంది? కంకి పాలు పోసుకుని పిండికట్టే దశలో మొక్కజొన్నను కంకితో సహా కోసి, అంగుళంలోపు ముక్కలు చేసి, గాలి మిగలకుండా తొక్కి మూసేస్తారు. గాలి లేనిచోట బతికే మేలు బాక్టీరియా మొక్కలోని చక్కెరను పులియబెట్టి ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపులో కుళ్లబెట్టే క్రిములు బతకలేవు. నెల, నెలన్నరకు మేత సిద్ధమవుతుంది. నీరు పోతే ఎండుగడ్డి నిలుస్తుంది, గాలి పోతే మాగుడు గడ్డి నిలుస్తుంది. రెండింటికీ మధ్యలో వదిలేసిన గడ్డే పాడవుతుంది.

మన జిల్లాలో వరి కోతకొచ్చే నవంబరు, డిసెంబరు నెలల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు కమ్ముకొస్తాయి. అంతకు ముందే చేను నేలవాలే ఏళ్లూ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను నాటి సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. పనల మీద తడిసిన గడ్డిని సగం ఆరగానే కుప్ప వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. కుప్ప వేసే గడ్డిలో తేమ 15 శాతం దాటకూడదు. గుప్పెడు తీసి మెలిపెట్టండి, పుటుక్కున విరగాలి. కుప్పలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, దులిపితే తెల్లటి పొడి రేగినా పాలావుకూ చూడి ఆవుకూ ఆ గడ్డి పెట్టకండి. ఎంత కష్టపడి పోగేసినదైనా సరే, పారేయాల్సిందే.

ఇక ధర. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. కిలో ఎండుగడ్డిలో నీరు తీసేస్తే 900 గ్రాముల మేత మిగులుతుంది. కిలో సైలేజీలో మిగిలేది 300 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. అంటే సైలేజీ కిలో ధరను మూడుతో హెచ్చవేసి, అప్పుడు గడ్డి ధరతో పోల్చాలి. అలా చూస్తే అది ఖరీదైనదే. కానీ అందులో మాంసకృత్తులు సుమారు 8 శాతం, పైగా గింజల బలం ఉంటుంది. కొనేటప్పుడు గుప్పెడు తీసి చూడండి. గింజ కనబడకపోతే కంకులు ముందే విరిచి అమ్ముకున్నారని అర్థం. ఆ బేలుకు పూర్తి ధర ఇవ్వొద్దు. మంచి సైలేజీ పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, పుల్లటి వాసన వేస్తుంది. నల్లగా, జిగటగా, కంపు కొడుతుంటే అది కుళ్లినదే.

బేలు ఎంతది తీసుకోవాలి? రెండావులున్న ఇంట్లో ఒక్కోదానికి రోజుకు 10 కిలోలు పెడితే 20 కిలోలు ఖర్చు. నాలుగు వందల కిలోల బేలు విప్పితే ఇరవై రోజులు తెరిచే ఉంటుంది. మన ఎండలకు అది నాలుగో రోజుకే వేడెక్కడం మొదలెడుతుంది. అందుకే చిన్న కమతం వారికి 50 కిలోల సంచులే మేలు. సొంతంగా పాతర వేసుకుంటే వేసవిలో మూడు నెలలకు 1,800 కిలోలు కావాలి. దానికి మూడున్నర ఘనమీటర్ల గొయ్యి సరిపోతుంది. మహేంద్రతనయ ఒడ్డు పల్లాల్లో మాత్రం గొయ్యి తవ్వకండి, వానకు ఊట పడుతుంది. మెట్ట మీద వేసుకోండి.

గుర్రానికీ ఇదే పెట్టొచ్చా అని అడిగేవారున్నారు. పాడేరు ఏజెన్సీలో ఇప్పటికీ సంతకు సరుకు గుర్రాల మీద తెస్తారు, కాబట్టి అడగాల్సిన మాటే. పెట్టొద్దు. గుర్రానికి నెమరు లేదు, తిన్నది కక్కలేదు. సైలేజీలో విషక్రిమి పుడితే ప్రాణం పోతుంది. ఐరోపాలో వాన ఎక్కువైన చోట్ల గడ్డిని సగం ఆరబెట్టి, ప్లాస్టిక్‌లో బిగించి గుర్రాలకు పెడతారు. దాన్ని హేలేజ్ అంటారు. దుమ్ము లేకపోవడం ఊపిరితిత్తులకు మంచిది. కానీ అందులో పులుపు తక్కువ కాబట్టి ప్లాస్టిక్‌కు చిల్లు పడితే త్వరగా పాడవుతుంది. మన ఎండ ఉండగా గుర్రానికి శుభ్రమైన ఎండుగడ్డి, దుమ్ము లేస్తే తడిపిన ఎండుగడ్డి చాలు.

ఆవుల విషయంలో నా సలహా ఇది. వరిగడ్డిని వదులుకోకండి, పాలిచ్చే వాటికి మాత్రం సైలేజీ తోడు చేయండి. కొనే స్తోమత లేకపోతే వరి కోసిన మళ్లలో పిల్లిపెసర చల్లి, పూతలో కోసి ఎండబెట్టుకోండి. సైలేజీ మొదలుపెట్టే రోజు రెండు కిలోలతో మొదలెట్టి, పది రోజుల్లో పూర్తి మోతాదుకు రండి. పాలు పితికాకే వేయండి. ముందు వేస్తే ఆ వాసన పాలకు పడుతుంది, పాల కేంద్రంలో తిప్పి పంపుతారు.