పని విధానానికి అక్షరరూపం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు రెండింటి జీవనమూ నూలుపోగుతో ముడిపడి ఉన్నది. గుంతకల్లు – రాయచూరు రైలు మార్గంలోని ఆదోని పత్తి వ్యాపారానికి పేరు పొందగా, దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు చేనేతకు పేరు పొందింది. ఒకచోట గింజ నుండి దూది వేరవుతుంది. మరొకచోట నూలు వస్త్రమవుతుంది. ఈ రెండు వృత్తులకూ ఒకే చిక్కు ఎదురవుతుంది. పని తెలిసినవాని చేతిలోని నేర్పు, అతడు లేనప్పుడు ఎవరి వద్ద ఉంటుంది?

ఆదోనిలో ఒక చిన్న జిన్నింగు మిల్లును ఊహించుకొందాం. బండి రాగానే యజమాని స్వయంగా వచ్చి, పత్తిని గుప్పిట పట్టి నొక్కి చూస్తాడు. ఒక గింజను పంటితో కొరుకుతాడు. అది పటుక్కుమంటే ‘ఆరింది’ అంటాడు. మెత్తగా నలిగితే తల అడ్డంగా ఊపుతాడు. నలభై యేండ్ల అనుభవం ఆ పంటిలో ఉన్నది. తరువాత వ్యాపారం పెరిగింది. రెండవ షెడ్డు వెలసింది. కొనుగోలుకు ఇద్దరు గుమాస్తాలు కుదిరారు. ఉదయం ఒకరు ఆరిందన్న పత్తినే సాయంత్రం మరొకరు తడి అంటున్నారు. తడి పత్తి యంత్రంలో పడితే గింజ నలిగి దూది చెడుతుంది; నష్టం మిల్లుది. ఆరిన పత్తిని తడి అంటే ధర తగ్గుతుంది, నష్టం రైతుది. బాడుగ బండిలో సరకు తెచ్చిన రైతు దానిని తిరిగి ఇంటికి తీసుకొనిపోలేడు. అందుచేత ఆ ఒక్క మాట భారం ఎక్కువగా అతని మీదనే పడుతుంది.

పెరుగుతున్న సంస్థకు లిఖిత పని విధానం అవసరమయ్యేది ఇక్కడే. దీనినే ప్రామాణిక కార్యాచరణ విధానమనీ, వాడుకలో ఎస్.ఓ.పి. అనీ అంటారు. పేరు గంభీరమైనదే గాని విషయం సులభమైనది. ఒక పనిని ఎవరు, ఎప్పుడు, ఏ క్రమంలో, ఏ కొలత మేరకు చేయాలో, తేడా వస్తే ఎవరికి చెప్పాలో తెలిపే రాత అది.

ఈ రాతకు మొదటి శత్రువు ‘బాగా’ అనే మాట. ‘పత్తి బాగా ఆరి ఉండాలి’ అని గోడమీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ప్రయోజనం లేదు. ఎవరి ‘బాగా’ వారిది. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు తేమను అంకెలతో నిర్ణయిస్తుంది. తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర లభిస్తుంది. ఆపైన 12 శాతం వరకు తేమను బట్టి ధర తగ్గుతుంది. 12 శాతం మించితే కొనరు. అయితే అంకె ఒక్కటే చాలదు. తేమ మీటరును కుప్ప పైభాగంలో పెడితే ఒక అంకె, అడుగున పెడితే మరొక అంకె వస్తాయి. కాబట్టి నమూనాలను ఎన్నిచోట్ల నుండి తీయాలి, మీటరు అంకెను రైతుకు చూపాలా వద్దా, రెండు అంకెలు కలవకపోతే ఏది లెక్క అన్నవి కూడా రాయాలి. చూపాలనే నా అభిప్రాయం. చూపని అంకెకూ నోటిమాటకూ తేడా లేదు.

నియమం పక్కన కారణం కూడా ఉండాలి. ‘ప్లాస్టిక్ సంచి పీచును ఏరివేయాలి’ అని మాత్రమే రాస్తే, తొందరలో ఉన్న కూలీకి అది యజమాని చాదస్తంగా తోస్తుంది. ఆ పీచు దూదిలో కలిసి నూలులో చేరుతుందనీ, బట్టకు అద్దకం వేసినప్పుడు రంగు పట్టక తెల్లని గీతగా బయటపడుతుందనీ చెబితే, ఎక్కడో నేసిన బట్ట చెడుటకు తన చేయి కారణం కాగలదని అతడు గ్రహిస్తాడు.

ఎమ్మిగనూరు వైపు చూస్తే సమస్య మరింత జటిలమైనది. అక్కడ 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. మిల్లులో అందరూ ఒకే కప్పు కింద పనిచేస్తారు; చేనేతలోనైతే మగ్గం సాధారణంగా నేతగాని ఇంటిలోనే ఉంటుంది. అన్ని ఇండ్లలో నేసిన బట్ట ఒకే తీరున ఉండాలంటే కొలతలు ముందే నిర్ణయం కావాలి. నూలు నెంబరు, పన్నె లెక్క, అంగుళానికి పేకపోగులు, పొడవు, వెడల్పు అటువంటివి. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో అదే నూలు నెంబరు. 40వ నెంబరంటే నలభై చిలపలు. ‘సన్నని నూలు’ అనే మాటకు ఇంతటి స్పష్టత లేదు. ఇచ్చిన నూలు బరువు, తిరిగి వచ్చిన బట్ట బరువు రెండుచోట్ల నమోదైతే సంఘానికి నూలు పోదు, నేతగానికి కూలి పోదు.

ఇది నేటి ఆలోచన కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సూత్రాధ్యక్షుడనే అధికారి విధులను చెప్పే అధ్యాయం ఉన్నది. నూలు సన్ననిదా, మోటుదా, మధ్యరకమా అన్నదానిని బట్టి కూలి నిర్ణయించాలని, నూలు తగ్గితే కూలి తగ్గించాలని అందులో విధించారు. పనివారిపై శిక్షలు కూడా కఠినంగానే ఉన్నాయి. ఆ భాగాన్ని మనం ఆదర్శంగా తీసుకోనక్కరలేదు.

అనుభవజ్ఞులకు రాతతో పనేమిటని కొందరు ప్రశ్నిస్తారు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్ వద్ద బోయింగ్ సంస్థ తయారుచేసిన కొత్త బాంబరు విమానం గాలిలోకి లేచిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. యంత్రంలో లోపం లేదు. నడిపినవారు ఆరితేరినవారే. తోక భాగంలోని ఒక బిగింపును విప్పడం మరచిపోయారు. ఆ తరువాతనే విమానచోదకులు బయలుదేరుటకు ముందు చూసుకోవలసిన అంశాలను చిన్న పట్టికగా రాసుకొన్నారు.

అటువంటి పట్టికను ఆఫీసులో కూర్చున్నవారు ఒక్కరే రాయరాదు. యంత్రం పక్కన నిలిచి, పనిచేసేవారిని అడిగి, వారి మాటలతోనే రాయాలి. తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపించే ఆదోనిలో ఏ భాషలో చదివి వినిపించాలన్నదీ ఆలోచించవలసిందే. పోగు బిగువును వేలితో తెలుసుకొనే నేర్పు వంటివి కాగితానికి లొంగవు. వాటిని పక్కన కూర్చొని నేర్వవలసిందే. చాలాచోట్ల నియమావళి అద్దాల చట్రంలో, ప్రారంభోత్సవం నాటి పసుపు కుంకుమలతో ఎవరికీ అందనంత ఎత్తున వేలాడుతూ ఉంటుంది. అది దేవునికి తప్ప ఎవరికీ కనబడదు.

రాసినది పనికివస్తుందో లేదో తెలుసుకొనేందుకు ఒక పరీక్ష ఉన్నది. నిన్న చేరిన కుర్రవాని చేతికి కాగితమిచ్చి, అనుభవజ్ఞుడు నోరు మెదపక పక్కన నిలబడాలి. కుర్రవాడు ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం లోపించిందని అర్థం. ఆ వాక్యాన్ని చేర్చి, కాగితం అడుగున తేదీ వేసి, పాత ప్రతిని చించివేయాలి. పత్తి తీతల కాలంలో ముసురు పట్టిన ఏడు, నమూనాలు ఎన్ని తీయాలన్న వరుసను తిరిగి రాయవలసి రావచ్చు.